జెండా చూసి కారు కొనకండి

ఏలూరు నుంచి కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం దాకా చేపల చెరువుల మధ్య ఏ ఊళ్లో ఆగి అడిగినా కార్ల మీద ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. గట్టిదనానికి జర్మనీ, మన్నికకీ రీసేల్‌కీ జపాన్, హంగులకి కొరియా. అమెరికా బండి పెట్రోలు తాగేస్తుంది. మన దేశం బండి డబ్బా. చైనా పేరు ఎత్తనే కూడదు. తాడేపల్లిగూడెంలో పాత కార్ల బేరాల దగ్గరా ఇదే మాట, పెళ్లి మాటల్లో కారు ప్రస్తావన వచ్చినా ఇదే మాట. "ఆయ్, జపాన్ బండండీ, కళ్లు మూసుకుని తీసేసుకోండి" అంటే చాలు, బేరం సగం తెగినట్టే.

ఈ తీర్పు పునాదిలోనే తప్పు. కొనేవాడికి తెలియాల్సిన సంగతుల్లో ఒక్కటి కూడా దేశం పేరు చెప్పదు. పైగా తెలియాల్సినవాటిని అడగనివ్వదు. పది పదిహేను లక్షలు పోసి కొని ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరిగే వస్తువును కళ్లు మూసుకుని కొనమనడం సలహా కాదు, ప్రమాదం.

అసలు ఏ బండి ఎక్కడిది అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ ప్రాంతంలో అమెరికాలో పిల్లలు లేని ఊరు దాదాపు ఉండదు. డాలస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడ్డ కొడుకు టయోటా కామ్రీ కొని, జపాన్ కారు తీసుకున్నానని తండ్రికి ఫోన్‌లో చెబుతాడు. అమెరికాలో అమ్మే కామ్రీలు 1988 నుంచీ కెంటకీ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్‌లో తయారవుతున్నాయి. వాళ్ల పక్కింటాయన గొప్పగా చెప్పుకునే జర్మనీ బీఎండబ్ల్యూ ఎక్స్5 పుట్టింది సౌత్ కరొలైనాలోని స్పార్టన్‌బర్గ్‌లో. ఇటు చూస్తే, రాజస్థాన్‌లోని తపుకరాలో తయారయ్యే హోండా ఎలివేట్ 2024 నుంచి జపాన్‌లోనే డబ్ల్యూఆర్-వి పేరుతో అమ్ముడవుతోంది. మారుతి ఫ్రాంక్స్ కూడా అదే ఏడాది గుజరాత్ నుంచి ఓడెక్కి జపాన్ వెళ్లింది. ఐదు తలుపుల జిమ్నీ 2025 జనవరిలో అక్కడ అమ్మకానికి పెడితే కొద్ది రోజుల్లోనే ఆర్డర్లు తట్టుకోలేక బుకింగులు ఆపేశారు. ఆ జిమ్నీ చేసింది గురుగ్రామ్ కార్మికులు. జపాన్ వాడు మన చేతి పనిని నమ్మి కొంటున్నాడు. మనం మాత్రం జపాన్ పేరును నమ్మి కొంటున్నాం.

కొరియా బండి అని ఈ జిల్లాల్లో మోజుపడి కొన్న కియా సెల్టోస్ పుట్టినిల్లు ఎక్కడ? అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. 2019లో అక్కడ మొదటి సెల్టోస్ బయటికొచ్చింది, అప్పట్లోనే ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. రాయలసీమ కుర్రాళ్లు బిగించిన కారు అక్కడి నుంచి ఎన్నో దేశాలకు వెళుతోంది. ఇంతకీ ఆ కియా చరిత్ర కూడా చూడాలి. 1997లో అది దివాలా తీసింది, మరుసటి ఏడాది హ్యుందాయ్ చేతికి వెళ్లింది. కొరియా అన్న పేరు దాన్ని దివాలా నుంచి కాపాడలేదు.

ఇక బానెట్ ఎత్తి చూద్దాం. పదేళ్లకు పైగా కోస్తా జిల్లాల్లో టాక్సీ డ్రైవర్లు, రైతులు, కాంట్రాక్టర్లు ఒక డీజిల్ ఇంజన్‌ను మెచ్చుకున్నారు. మైలేజీ బాగుంటుందని, లక్షల కిలోమీటర్లు తిరిగినా పట్టు తప్పదని మారుతి స్విఫ్ట్ డీజిల్‌కు పేరొచ్చింది. డిజైర్, ఎర్టిగా కూడా ఆ పేరు మీదే నడిచాయి. జపాన్ ఇంజన్ మరి, అన్నారు జనం. ఆ 1,248 సీసీ ఇంజన్ ఇటలీ వాళ్లది. ఫియట్ మల్టీజెట్. సుజుకి లైసెన్సు తీసుకుని మానేసర్‌లో తయారు చేసింది. అదే ఇంజన్‌ను టాటా వాళ్లు క్వాడ్రాజెట్ అనే పేరుతో ఇండికా విస్టాలో పెట్టారు. షెవర్లే సెయిల్‌లో, ఎంజాయ్‌లో ఉన్నదీ ఆ కుటుంబానిదే. ఫియట్ తన పుంటోలో సొంత పేరుతోనే అమ్ముకుంది. జపాన్, ఇండియా, అమెరికా, ఇటలీ, నాలుగు జెండాల కింద నడిచింది ఒకే గుండె.

మార్కెట్‌లో ఏం జరిగింది? స్విఫ్ట్‌ను ఎగబడి కొన్నారు, నెలల తరబడి వెయిటింగ్ ఉండేది. ఇంజన్ సొంతదారుడైన ఫియట్ కార్లు షోరూముల్లో దుమ్ము పట్టాయి. ఇటలీ బండి కదా, ఎవడు బాగు చేస్తాడు అన్నారు. ఈ మాటలో ఒక్క నిజం ఉంది. ఫియట్‌కు చిన్న పట్టణాల్లో సర్వీసు లేదు. లోపం సర్వీసులో ఉంటే నింద ఇటలీ మీద పడింది. మారుతికి ఊరూరా షెడ్డు ఉంటే కీర్తి జపాన్‌కు దక్కింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చి మారుతి ఆ ఇంజన్ ఆపేసేదాకా చాలామందికి అది ఎవరిదో కూడా తెలియదు.

పేరు సంగతి ఇలా ఉంటే యాజమాన్యం సంగతి ఇంకా చిత్రం. రెండో ప్రపంచ యుద్ధంతోనే ప్రపంచానికి తెలిసిన బండి జీపు. అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు లక్షల్లో చేశాయి. 1947 నుంచి మహీంద్రా వాళ్లు ఆ విల్లీస్ జీపును ఇక్కడ బిగించడం మొదలుపెట్టి, అదే బాటలో బొలేరో దాకా, థార్ దాకా వచ్చారు. అటు జీప్ అన్న బ్రాండ్ మాత్రం విల్లీస్ నుంచి కైజర్‌కు, అక్కడి నుంచి అమెరికన్ మోటార్స్‌కు, 1987లో క్రైస్లర్‌కు, ఆ తర్వాత జర్మనీ డైమ్లర్ పొత్తులోకి, ఆపైన ఇటలీ ఫియట్‌కు వెళ్లి, 2021 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న స్టెలాంటిస్ గూటిలో ఉంది. జీప్ ఏ దేశం బండి?

బ్రిటన్ పేర్లనే తీసుకోండి. రోల్స్ రాయిస్ బీఎండబ్ల్యూది. బెంట్లీ ఫోక్స్‌వ్యాగన్‌ది. జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను 2008లో ఫోర్డ్ నుంచి టాటాలు 230 కోట్ల డాలర్లకు కొన్నారు. "బ్రిటిష్ వారసత్వం" అని ప్రకటనల్లో చెప్పే ఎంజీ చైనా కంపెనీ ఎస్‌ఏఐసీ సొత్తు. స్వీడన్ వోల్వో కూడా 2010 నుంచి చైనా గీలీదే. చైనా బండా, వద్దు బాబూ అనే పెద్దమనిషే వోల్వో కారు కనిపిస్తే ఇది స్వీడన్ వాళ్లది, దీన్ని మించిన భద్రత లేదు అంటాడు. బస్సుల్లో మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. లేలాండ్ ఒకప్పుడు బ్రిటన్‌కు గర్వకారణమైన కంపెనీ. అక్కడ అది చితికిపోయి, 1975లో ప్రభుత్వపరమై, చివరికి బండ్ల మీద పేరే మాసిపోయింది. చెన్నై అశోక్ లేలాండ్ మాత్రం ఆ పేరును బతికించుకుని 2025 మార్చిలో హనుమాన్ జంక్షన్‌కు దగ్గర్లోని మల్లవల్లిలో బస్సుల ప్లాంటు తెరిచింది.

ఇక్కడ ఎదుటివాదం వాళ్లు తమ గట్టి వాదన తీస్తారు. ఫ్యాక్టరీ ఎక్కడున్నా, సొంతదారు ఎవరైనా, ఆ దేశపు క్రమశిక్షణ, పనితనం బండిలో దిగుతాయి కదా అంటారు. తోసిపుచ్చేయదగ్గ మాట కాదిది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న నాటి నుంచి జర్మనీ ఇంజనీర్లు చేసిన పని పెద్దది. టయోటాలో తైచి ఓనో రూపొందించిన ఉత్పత్తి విధానం ప్రపంచ ఫ్యాక్టరీల తీరునే మార్చింది. కానీ ఆ పనితనం రక్తంలో ఉందా, పద్ధతిలో ఉందా? దీనికి జవాబు చెప్పిన ఫ్యాక్టరీ ఒకటుంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక ప్లాంటు ఉండేది. గైర్హాజరీలు, గొడవలు, నాసిరకం కార్లతో అది అప్రతిష్ఠపాలై 1982లో మూతపడింది. రెండేళ్లకు టయోటాతో కలిసి నమ్మీ అనే పేరుతో అదే ప్లాంటు తెరిచారు. పనిలోకి తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. పద్ధతి మాత్రం మారింది. లోపం కనపడితే లైను ఆపే అధికారం కార్మికుడికి ఇచ్చారు. కొద్ది కాలంలోనే జనరల్ మోటార్స్ ప్లాంట్లలో నాణ్యతలో మేటిగా నిలిచింది. అమెరికా వాడు బద్ధకస్తుడు, జపాన్ వాడు పనిమంతుడు అన్న సిద్ధాంతం ఆ గేటు దగ్గరే కూలిపోయింది. జపాన్‌కు కూడా నాణ్యత నియంత్రణ పాఠాలు 1950లో వెళ్లి చెప్పింది డెమింగ్ అనే అమెరికన్. ఒక్క దేశానికే కిరీటం పెట్టి తీరాలంటే జపాన్‌కు పెట్టవచ్చు. అది దాని పద్ధతికి పెట్టే కిరీటం. దాని బ్రాండ్లన్నిటికీ గంపగుత్తగా చెల్లదు.

గంపగుత్తగా చెల్లదనడానికి మన రోడ్లే సాక్ష్యం. 1990లలో కొరియా నుంచి రెండు కంపెనీలు వచ్చాయి, దేవూ, హ్యుందాయ్. సియెలో, మాటిజ్ అమ్మిన దేవూ చితికిపోయింది, కొన్నవాళ్లు స్పేర్ పార్టుల కోసం తిరిగి తిరిగి విసిగిపోయారు. 1998లో శాంత్రోతో దిగిన హ్యుందాయ్ ఇవాళ ఎక్కడుందో చెప్పక్కర్లేదు. ఇద్దరిదీ ఒకే దేశం. జపాన్ బండికి రీసేల్ ఉంటుంది అంటారు కదా, మిత్సుబిషి లాన్సర్‌నో డాట్సన్ గోనో తాడేపల్లిగూడెం తీసుకెళ్లి అమ్మి చూడండి. అవీ జపాన్‌వే. రీసేల్ ఉన్నది దేశానికి కాదు, సామాను దొరికే మోడల్‌కి.

నిజాయితీ విషయంలోనూ దేశాన్ని నమ్మి లాభం లేదు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి పొగను తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల డీజిల్ కార్లలో పెట్టింది ఆ జర్మనీ దిగ్గజం. రోడ్డెక్కితే కొన్ని మోడళ్లలో నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వెలువడేవి. జపాన్ టకాటా ఎయిర్‌బ్యాగులు పేలి లోహపు ముక్కలు మనుషుల మెడల్లో దిగాయి. ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. 2023 డిసెంబరులో టయోటా సొంత సంస్థ దైహాట్సు 64 మోడళ్ల విషయంలో భద్రతా పరీక్షలు తారుమారు చేసిందని తేలి, కార్ల రవాణా మొత్తం ఆపేయాల్సి వచ్చింది. ఇవి ఏవో చిల్లర కంపెనీల కథలు కావు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ప్రాణాలది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుదిమ్మకు గుద్దించి చూసింది. అవి ఏవంటే మారుతి సుజుకి ఆల్టో 800, టాటా నానో, ఫోర్డ్ ఫిగో, హ్యుందాయ్ ఐ10, ఫోక్స్‌వ్యాగన్ పోలో. జపాన్ పేరు, ఇండియా పేరు, అమెరికా పేరు, కొరియా పేరు, జర్మనీ పేరు. చైనా తప్ప మన రచ్చబండ తీర్పులో ఉన్న దేశాలన్నీ వరసగా నిలబడ్డాయి. పెద్దవాళ్ల రక్షణలో ఐదింటికీ వచ్చింది సున్నా.

జర్మనీ రేకు మందం గురించి, డోరు వేస్తే వచ్చే ధబ్బు శబ్దం గురించి చెప్పేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. పోలో బాడీ ఆ గుద్దుడుకు నిజంగానే నిలబడింది, కూలిపోలేదు. ఆ రేకు మెచ్చుకోదగ్గదే. కానీ ఎయిర్‌బ్యాగ్ లేని ఆ వేరియంట్‌లో డ్రైవర్ తల నేరుగా స్టీరింగ్‌కు కొట్టుకుంటుంది. అదే పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. ఒకే కంపెనీ, ఒకే బాడీ, ఒకే జర్మనీ. తేడా రెండు సంచులది. యూరప్‌లో ఎయిర్‌బ్యాగ్ లేకుండా పోలో అమ్మే సాహసం ఆ కంపెనీ చేయదు. ఇక్కడ చేసింది, ఎందుకంటే అప్పటికి ఇక్కడ చట్టం అడగలేదు, కొనేవాడూ అడగలేదు. కొనేవాడు జర్మనీ అన్న మాటతో సంతృప్తిపడ్డాడు. ఫలితాలు బయటపడ్డాకే ఎయిర్‌బ్యాగ్ లేని పోలో అమ్మకాలు ఆపింది.

స్వదేశీ వాదులు కూడా దీన్ని తమకు అనుకూలంగా తిప్పుకోలేరు. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ ఐదు స్టార్లు తెచ్చుకున్న మాట నిజం. మన దేశంలో తయారై అమ్ముడవుతున్న కార్లలో ఆ ఘనత సాధించిన మొదటిది అదే. కానీ అదే టాటా నానో సున్నా. 2016లో పరీక్షించిన మహీంద్రా స్కార్పియోకూ సున్నాయే, ఆ పేరుతోనే వచ్చిన స్కార్పియో-ఎన్‌కు 2022లో ఐదు. ఇటు మారుతి ఎస్-ప్రెసోకు 2020లో సున్నా, 2024లో కొత్త డిజైర్‌కు ఐదు. దేశాలు మారలేదు, కంపెనీలు మారలేదు. నిబంధనలు మారాయి, అడిగే గొంతులు పెరిగాయి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులైలో తప్పనిసరైంది, పక్క సీటుకు ఆ తర్వాతే వచ్చింది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మనకే సొంత స్టార్ల పరీక్ష ఉంది. కారు కాలవలోకి దూసుకెళ్లిన వార్త తరచూ చదివే గోదావరి జిల్లాల వాళ్లకు ఈ స్టార్ల లెక్క అలంకారం కాదు.

కొల్లేరు నేలకు తనదైన పరీక్ష ఉంది. దాన్ని ఏ దేశపు ఇంజనీరూ కంపెనీ కరపత్రంలో రాయడు. తెల్లవారుజామున చెరువు మీద పట్టుబడి జరిగేటప్పుడు గట్టు మీద పికప్ వెనక తలుపు దించి ఉంటుంది. వలలోంచి తీసిన శీలావతి, బొచ్చె ట్రేలకెత్తి పేరుస్తుంటారు, మధ్యమధ్య పారతో ఐసు వేస్తుంటారు. కరిగిన ఐసు నీళ్లు, చేపల జిగురు కలిసి బాడీ రేకు అతుకుల్లోంచి కిందికి దిగి, చాసిస్ మీద, బ్రేకు గొట్టాల మీద బొట్లు బొట్లుగా పడుతూనే ఉంటాయి. రొయ్యల చెరువుల దగ్గరైతే ఉప్పు నీటి తడి. దానికి తోడు వానాకాలంలో చక్రాల వంపుల్లో గడ్డకట్టే నల్లమట్టి. ఇక్కడ పైన ఎంత మెరిసే బండి అయినా కింద తుప్పు పట్టుకుంటుంది. అండర్ కోటింగ్ చేయించారా, ప్రతి పట్టుబడి తర్వాత కింద మంచినీళ్లతో కడిగించారా అన్నదే బండి ఆయుష్షును తేలుస్తుంది. ఆ రోజువారీ పని చేసేది యజమాని. బంపరు మీది గుర్తు చేయదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేటిలోకి దిగినప్పుడు చూశాం. సెల్లార్లలో లక్షల ఖరీదు చేసే కార్లూ పాత ఆల్టోలూ ఒకే మట్టి నీళ్లలో మునిగాయి. ఇంజన్‌లోకి నీరు చేరాక తాళం తిప్పితే ఏ దేశం ఇంజన్ అయినా పాడైపోతుంది. అప్పుడు ఆదుకున్నది ఇంజన్ ప్రొటెక్షన్ ఉన్న బీమా పాలసీ. అది తీసుకున్నారా అని అడిగిన షోరూమ్‌కు రుణపడి ఉండాలి.

జెండా చూసి సరుకును అంచనా వేయడం ఎంత అన్యాయమో కొల్లేరు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 జులైలో ఫార్మలిన్ కలుస్తోందని అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపల మీద నిషేధం పెట్టింది. 2019 జనవరిలో పట్నాలో బీహార్ ప్రభుత్వం అదే పని చేసింది. ఎవరో కొందరు చేశారన్న తప్పుకు రాష్ట్రం పేరు మీద లారీలన్నీ ఆపేస్తారా అని కైకలూరు, ఆకివీడు రైతులు మండిపడ్డారు. నా చెరువు చూడండి, నా మేత చూడండి, నా ఐసు చూడండి, అప్పుడు మాట్లాడండి అన్నారు. వాళ్లది న్యాయమైన కోపం. చేపను చెరువును బట్టి చూడమన్న రైతే కారును దేశాన్ని బట్టి చూస్తే ఎలా?

కాబట్టి ఏలూరులోనో, గూడెంలోనో, భీమవరంలోనో షోరూమ్‌లో కూర్చున్నప్పుడు ఏ దేశం బండి అన్న ప్రశ్న పక్కన పెట్టండి. మీరు కొంటున్న మోడల్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో ఎన్ని స్టార్లో అడగండి. మీ వేరియంట్‌లో ఎయిర్‌బ్యాగులు ఎన్నో, టాప్ మోడల్‌లో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయో లేదో అడగండి. మీ ఊరికి దగ్గర్లో సర్వీసు ఎక్కడో, బంపరో క్లచ్ ప్లేటో కావాలంటే ఎన్ని రోజుల్లో వస్తుందో అడగండి. తుప్పు మీద వారంటీ ఎన్నేళ్లో, నీట మునిగితే బీమా ఇంజన్‌కు వర్తిస్తుందో లేదో అడగండి. వీటికి కాగితం మీద జవాబు ఇవ్వని చోట అడ్వాన్సు కట్టకండి.